పదికి రెండు పాయింట్ మూడు కాదు మేడం, అది మంచి మార్కే

మారతహళ్ళి నుంచి ఒక అమ్మగారు రాశారు. సొంతూరు కదిరి దగ్గర, ఇరవై ఏళ్ళుగా బెంగళూరులోనే ఉంటున్నారు. పాప ఇక్కడే బీటెక్ 8.9 తో పాసై అక్టోబర్‌లో జర్మనీకి ఎంఎస్‌కి వెళ్ళింది. ఇప్పుడు మార్చిలో ఫస్ట్ సెమ్ రిజల్ట్ వస్తే ఒకదాంట్లో 2.3, ఇంకోదాంట్లో 5.0, మిగతా రెండు సబ్జెక్టులు అసలు ఎగ్జామే రాయలేదంట. వాళ్ళ నాన్న "పదికి రెండున్నర కూడా రాలేదా, ఆ ఇంకోదాంట్లో అయినా ఐదొచ్చింది నయం" అన్నారంట, అప్పట్నుంచి పాప ఫోన్ ఎత్తడం తగ్గించింది. శని ఆదివారాలు ఏదో గోడౌన్‌లో ప్యాకింగ్ పనికి పోతోంది, డిసెంబర్‌లో అయితే ఒకటే ఏడుపు, వెనక్కి పిలిపించేద్దామా సార్ అని అడిగారు.

మేడం, ముందు పాప వాళ్ళ నాన్నని, అదే మీ సార్‌ని కూడా పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని ఇది చదవండి. అక్కడ మార్కులు మన లెక్కకి తిరగేసి ఉంటాయి. 1.0 అంటే టాప్, 4.0 అంటే బొటాబొటి పాస్, 5.0 అంటే ఫెయిల్. అంటే మీరు తిట్టిన 2.3 మంచి మార్కు, సార్ "నయం" అన్న ఐదే పోయింది. కొత్త దేశంలో మొదటి సెమిస్టర్‌లో 2.3 తెచ్చుకుని ఇంటికి ఫోన్ చేస్తే ఈ మాట వినాల్సొచ్చిందంటే ఆ పిల్ల ఫోన్ ఎందుకు ఎత్తుతుంది చెప్పండి. ఇవాళే సారీ చెప్పేయండి, ఇందులో కౌన్సెలింగ్ ఏం లేదు.

ఆ రాయని రెండు సబ్జెక్టుల సంగతి. అక్కడ క్లాసుకి పోవడం వేరు, ఎగ్జామ్‌కి రిజిస్టర్ అవ్వడం వేరు. ప్రిపరేషన్ అవ్వకపోతే గడువులోపు రిజిస్ట్రేషన్ తీసేసుకోవచ్చు. చాలా యూనివర్సిటీల్లో ఒక సబ్జెక్టుకి మూడుసార్లే ఛాన్స్, మూడూ పోతే ఆ కోర్సు నుంచే బయటికి పంపేస్తారు, మన దగ్గర లాగా బ్యాక్‌లాగ్‌లు ఎనిమిదేళ్ళు లాగడం కుదరదు. అందుకే చదవకుండా వెళ్ళి ఒక ఛాన్స్ కాలబెట్టుకోవడం కంటే మానేయడమే తెలివైన పని, మీ పాప భయపడి మానేసిందో లెక్కేసుకుని మానేసిందో నాకు తెలీదు గానీ, గడువులోపు రిజిస్ట్రేషన్ తీసేసి ఉంటే నష్టం మాత్రం లేదు. ఆ ఫెయిలైన దానికి ఎన్ని అటెంప్టులు మిగిలాయో మాత్రం వాళ్ళ డిపార్ట్‌మెంట్ ఎగ్జామ్ రూల్స్ పీడీఎఫ్‌లో చూసుకోమనండి.

నాకు అసలు గుచ్చుకున్నది మీరు మధ్యలో ఒక్క లైన్‌లో రాసి వదిలేసిన గోడౌన్ పని. ఎందుకు పోతోంది ఆ అమ్మాయి? వీసా కోసం మీరు బ్లాక్డ్ అకౌంట్‌లో, అంటే ఏడాది ఖర్చు ముందే వేసేస్తే నెలనెలా ఇంతని మాత్రమే తీసుకోనిచ్చే అకౌంట్‌లో, 11,904 యూరోలు వేసే పంపారు కదా, అందులోంచి నెలకి 992 ఆమె చేతికొస్తూనే ఉంది, అంటే ఈ ఏడాది తిండికి రూమ్‌కి అది సరిపోవాలి. మరి ప్యాకింగ్ ఎందుకంటే, మీ ఉత్తరంలోనే ఉంది జవాబు, "వాళ్ళ నాన్న లోన్ గురించి అప్పుడప్పుడు అంటుంటారు" అన్నారు చూడండి, అది. ఇక్కడ అప్పుడప్పుడు అన్నది అక్కడ రూమ్‌లో ఒక్కతే కూర్చుంటే ప్రతి రాత్రీ వినిపిస్తుంది. సెమ్‌కి 30 క్రెడిట్లు, ఒక్కో క్రెడిట్‌కి ఇరవై ఐదు ముప్పై గంటల చదువని వాళ్ళ లెక్క, వారమంతా క్లాసులు అసైన్‌మెంట్లు, శని ఆదివారాలు అట్టపెట్టెలు, ఇంక చదివేదెప్పుడు? ఆ 5.0 అక్కడ్నుంచి వచ్చిందనే నా అనుమానం.

భయం పూర్తిగా ఉత్తిది కూడా కాదులెండి. అక్కడ ఉండటానికిచ్చే పర్మిట్ రెన్యువల్‌కి వెళ్ళినప్పుడు రెండో ఏడాదికి డబ్బు ఎలా అని మళ్ళీ చూపించాలి, పాప మనసులో తిరుగుతోంది అదే అయ్యుంటుంది. దాన్ని ముగ్గురూ కూర్చుని లెక్కేసుకోండి, ఇంట్లోంచి ఎంత, లోన్‌లో ఇంకా ఎంత మిగిలుంది, ఆమె ఎంత తేగలదు. స్టూడెంట్స్‌కి ఏడాదికి 140 ఫుల్ డేస్ పని చేసుకునే వీలుంది, ఆగస్టు సెప్టెంబర్ సెలవుల్లో వరసగా చేసినా అందులో సగం కూడా అవ్వవు. కాబట్టి పని సెలవులకి పెట్టుకుని ఈ ఏప్రిల్ సెమిస్టర్ మొత్తం చదువుకే వదిలేయమనండి. ఈ మాట ఆమె నోటితో కాదు, సార్ నోటితో రావాలి.

డిసెంబర్ ఏడుపుకి మాత్రం నేను పెద్దగా కంగారు పడను. సాయంత్రం నాలుగింటికే చీకటి, ఆదివారం షాపులన్నీ బంద్, తిరగమాత వేస్తే హాస్టల్‌లో స్మోక్ అలారం కుయ్యోమంటుంది, ఎవరికైనా ఏడుపొస్తుంది. కొన్నేళ్ళ కింద ఇలాగే ఒకబ్బాయి ఫోన్ చేస్తే వచ్చేయ్ నాన్నా అన్నాను, జనవరిలో వచ్చేశాడు, ఎండలొచ్చేదాకా ఆగమని ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది నాకు. అలాగని నిద్రపోవట్లేదు, తినట్లేదు, క్లాసుకే పోవట్లేదు అంటే అది వేరే సంగతి. అక్కడ స్టూడెంట్ సర్వీసెస్ వాళ్ళ దగ్గర ఫ్రీగా కౌన్సెలింగ్ ఉంటుంది, చాలాచోట్ల ఇంగ్లీష్‌లో కూడా మాట్లాడతారు, వెంటనే పోవాలి. అప్పుడు కూడా బాగోకపోతే వచ్చేయొచ్చు, కాకపోతే కోర్సు మధ్యలో ఆపితే ఈఎంఐ ఎప్పట్నుంచి మొదలవుతుందో మీ బ్యాంక్‌లో ముందే అడిగిపెట్టుకోండి, ఆమెకి చెప్పకుండా.

వెనక్కి పిలవాలా వద్దా అన్నది జులై ఎగ్జామ్స్ అయ్యాక చూద్దాం. ఇంకోటి, మీరు రోజూ రాత్రి తొమ్మిదిన్నరకి చేస్తున్నామన్నారు, చలికాలంలో అక్కడప్పుడు సాయంత్రం ఐదు, క్లాస్ నుంచి అప్పుడే బయటపడే టైమ్. ఆదివారం చేయండి. మార్కులు అడక్కుండా, ఏం వండుకున్నావ్ అని అడగండి చాలు.