తొలి పరుగుకు తోడుగా ఉండే యాప్

ప్రశ్న: పరుగు కొత్తగా మొదలుపెట్టేవారి కోసం ముగ్గురు మిత్రులం కలిసి ఒక మొబైల్ యాప్ తయారు చేస్తున్నాం. దూరం, వేగం, కేలరీలు, మ్యాపు, పతకాలు, మిత్రులతో పోటీ అన్నీ అందులో ఉన్నాయి. వాడి చూడమని ఇస్తే, పరుగు అలవాటున్నవారు మెచ్చుకున్నారు. కొత్తవారు మాత్రం రెండు మూడు రోజులకే మానేశారు. ఇంకా ఏమి చేర్చితే బాగుంటుంది?

జవాబు: మీరు రాసిన జాబితాలో చాలా భాగాన్ని కొంతకాలం పక్కన పెట్టమనే నా సలహా. కొత్తవారు మానేయడానికి సాధారణంగా కనిపించే కారణం ఒక్కటే: మొదటి రోజే శక్తికి మించి వేగంగా పరుగెత్తడం, రెండు నిమిషాలకే ఆయాసం వచ్చి ఆగిపోవడం, ‘ఇది నావల్ల కాదు’ అనుకుని ఇంటికి వెళ్లిపోవడం. అటువంటి వ్యక్తికి తన వేగమెంతో చెప్పినందువల్ల ఒరిగేదేమీ లేదు. ఎప్పుడు పరుగెత్తాలో, ఎప్పుడు నడవాలో పక్కనుండి చెప్పేవారు కావాలి, ఆ పని మీ యాప్ చేయాలి.

ఈ పద్ధతికి మంచి నమూనా ‘కౌచ్ టు 5కె’ (సోఫా నుంచి 5 కిలోమీటర్ల పరుగు దాకా) అనే శిక్షణ ప్రణాళిక. జాష్ క్లార్క్ 1996లో రూపొందించిన ఈ 9 వారాల ప్రణాళికలో వారానికి 3 రోజులే పరుగు ఉంటుంది. మొదటి వారంలో 5 నిమిషాలు చురుకుగా నడిచిన తరువాత, 60 సెకన్ల పరుగు, 90 సెకన్ల నడక చొప్పున 20 నిమిషాలు సాగాలి. లెక్క వేసి చూడండి: ఆ 20 నిమిషాల్లో పరుగెత్తేది మొత్తం 8 నిమిషాలే. మొదటి రోజు పూర్తి చేయగలిగినవారే రెండో రోజు వస్తారు కాబట్టి, ఈ 8 నిమిషాలను మీ రూపకల్పనకు పునాదిగా తీసుకోండి.

అప్పుడు స్క్రీన్ మీద ఏముండాలో దానంతట అదే తేలుతుంది. ‘పరుగు’ లేదా ‘నడక’ అన్న ఒక్క మాట, దాని కింద ఆ విడతలో మిగిలిన సెకన్లు పెద్ద అంకెల్లో ఉంటే చాలు. కిలోమీటరుకు ఇన్ని నిమిషాలన్న లెక్క పరుగువారికి అలవాటే గానీ, గంటకు ఇన్ని కిలోమీటర్లని వేగాన్ని చెప్పుకునే కొత్తవారికి అది తికమకగా ఉంటుంది. అంకె తగ్గితే వేగం పెరిగినట్టని గ్రహించడానికి వారికి కొంత సమయం పడుతుంది. ఆ వివరాలన్నీ పరుగు ముగిశాక, అడిగినవారికి చూపండి.

ఫోన్ చాలాసేపు జేబులోనే ఉంటుంది కనుక, స్క్రీన్ కంటే గొంతు మీద ఎక్కువ శ్రద్ధ పెట్టండి. ‘మరో పది సెకన్లలో నడక’ అన్న చిన్న మాట ఆయాసపడుతున్న మనిషికి ఎంత ఊరటో, పరుగెత్తి చూస్తే మీకే తెలుస్తుంది. ఆ మాట వినిపించేటప్పుడు పాట ఆగిపోకూడదు, శబ్దం మాత్రం తగ్గాలి. ఇయర్‌ఫోన్లు లేనివారికి వైబ్రేషన్ ఉండాలి. పరుగుకు రెండు, నడకకు ఒక పొడవైన కంపనం పెడితే చూడకుండానే తేడా తెలుస్తుంది.

బటన్ల విషయంలో మీ ముగ్గురూ ఒక పని చేయండి. 15 నిమిషాలు పరుగెత్తి, చెమట పట్టిన వేలితో, అడుగులు ఆపకుండా మీ యాప్‌ను వాడి చూడండి. బటన్ కనీసం 48 డీపీ ఉండాలని ఆండ్రాయిడ్ సూచనలు, 44 పాయింట్లు ఉండాలని ఆపిల్ సూచనలు చెబుతాయి (డీపీ, పాయింటు రెండూ స్క్రీన్ మీద పరిమాణాన్ని చెప్పే కొలతలు). అవి నిలబడి వాడేవారికి సరిపోతాయేమో గానీ, ఊగే చేతికి చాలవు. తడి వేలిని స్క్రీన్ సరిగా గుర్తించదు కూడా. స్క్రీన్ అడుగున వెడల్పంతా ఆక్రమించే ఒకే బటన్ పెట్టి, ఒకసారి తాకితే విరామం, కొంతసేపు నొక్కి పట్టుకుంటేనే ముగింపు అయ్యేలా చేయండి. 19వ నిమిషంలో వేలు జారి ఆ రోజు పరుగంతా చెరిగిపోతే, ఆ నిరుత్సాహం మామూలుది కాదు.

పతకాల గురించి కొంచెం గట్టిగానే చెబుతాను. రోజూ తప్పకుండా పరుగెత్తితేనే పతకమన్న నియమం కొత్తవారికి హాని చేస్తుంది, ఎందుకంటే కండరాలు, కీళ్లు కోలుకునే విశ్రాంతి రోజులు కూడా శిక్షణలో భాగమే. విశ్రాంతి రోజును కూడా పూర్తి చేసినట్టే గుర్తు పెట్టండి. వారం మానేసి వచ్చినవారికి నిందగా తోచే మాట ఒక్కటీ లేకుండా, పాత వారాన్నే మళ్లీ మొదలుపెట్టే అవకాశం ఇవ్వండి. పోటీ పట్టికలో కొత్తవారి పేరు మొదటి రోజే అట్టడుగున కనిపిస్తుంది కాబట్టి, దాన్ని పూర్తిగా తొలగించండి.

ప్రశ్న: నిలబడి ఉన్నా మా యాప్‌లో దూరం పెరుగుతోంది. ఫోన్ జేబులో పెట్టాక కొన్నిసార్లు రికార్డు ఆగిపోతోంది. ఏం చేయాలి?

జవాబు: ఆరుబయట కూడా ఫోన్ జీపీఎస్ సుమారు 5 మీటర్ల మేర అటూ ఇటూ చూపుతుంది, ఎత్తైన భవనాల మధ్య ఇంకా ఎక్కువ. ఆ చిన్న తేడాలన్నీ కూడుతూ పోవడం వల్లే నిలబడ్డా దూరం పెరుగుతోంది. ప్రతి బిందువుతో పాటు దాని ఖచ్చితత్వపు అంచనా కూడా వస్తుంది. 20 మీటర్లకు మించి అనిశ్చితి ఉన్నవాటిని వదిలేసి, వేగం దాదాపు సున్నా ఉన్నప్పుడు దూరం కలపకండి. రికార్డు ఆగిపోవడానికి ముఖ్య కారణం బ్యాటరీ పొదుపు ఏర్పాట్లు. ఆండ్రాయిడ్‌లో నోటిఫికేషన్ కనిపిస్తూ, స్క్రీన్ ఆపినా పని సాగే ‘ఫోర్‌గ్రౌండ్ సర్వీస్’గా నడిపి, కొన్ని సెకన్లకొకసారి వివరాలను ఫోన్‌లోనే భద్రపరచండి.

అయితే పరుగు-నడక విడతలు సమయాన్ని బట్టే సాగుతాయి కాబట్టి, మొదటి వారాలకు జీపీఎస్ అవసరమే లేదు. లొకేషన్ అనుమతి అడగకుండానే తొలి పరుగు మొదలుపెట్టనివ్వండి. తరువాత దారి నమోదు చేసినా, అది వాడేవారికి మాత్రమే కనిపించాలి. పరుగు మొదలయ్యే చోటు చాలామందికి ఇంటి గుమ్మమే. పరుగు, సైకిల్ ప్రయాణాలను నమోదు చేసే యాప్ నడిపే స్ట్రావా సంస్థ, దాన్ని వాడేవారు తిరిగిన దారులతో 2017లో విడుదల చేసిన పటంలో సైనిక స్థావరాల జాడలు కనిపిస్తున్నాయని 2018 జనవరిలో బయటపడింది. దారిని ఇతరులతో పంచుకోవాలని వారు కోరినప్పుడు, మొదటి, చివరి కొన్ని వందల మీటర్లను యాప్ తనంతట తానే దాచేలా ఏర్పాటు చేయండి.