రోజుకు మూడు వేలు చేతికిస్తే బిల్లు తీరుతుందా?

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. జీడిమెట్లలో ఒక మందుల కంపెనీ స్టోర్స్‌లో పనిచేస్తాను. చేతికి 38 వేలు వస్తాయి. ఇంట్లో భార్య, ఇద్దరు పిల్లలు, 71 ఏళ్ల అమ్మ. అమ్మకు షుగర్. నేను రెండేళ్లుగా బీపీ మాత్ర వేసుకుంటున్నాను. జీతం పెరిగాక ఈఎస్ఐ పోయింది. కంపెనీ 2 లక్షల గ్రూప్ పాలసీ ఇచ్చింది, అందులో అమ్మ పేరు లేదు. మొన్న బోనాల దావత్‌లో మా బావ, ఆయన జీవిత బీమా ఏజెంటు, ఆసుపత్రిలో ఉన్నన్ని రోజులూ రోజుకు 3,000 ఇచ్చే పాలసీ తీసుకోమన్నాడు. పక్కింటాయన వేరే కంపెనీ ఏజెంటు. 'అది చిల్లర పాలసీ, మాది 3 లక్షల ఫుల్ కవరేజ్' అన్నాడు. భోజనాల దగ్గరే ఇద్దరికీ మాటా మాటా పెరిగింది. నెలకు 2,000 దాకా పెట్టగలను. ఎవరి మాట వినాలి? బీపీ సంగతి ఫారంలో రాయొద్దని కూడా పక్కింటాయన అన్నాడు. - ఒక పాఠకుడు, చింతల్

జవాబు: ముందు మీ బావగారి పక్షాన ఒక మాట. ఆయన మోసం చేయడం లేదు. జీవిత బీమా కంపెనీలు ఆసుపత్రి బిల్లు కట్టే పాలసీలు అమ్మకూడదని నియమం. ఇంత జరిగితే ఇంత అని ముందే రాసుకున్న మొత్తం ఇచ్చే పాలసీలే వాళ్లు అమ్మాలి. (ఈ నియమాలు రాసే బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఆఫీసు మన నానక్‌రామ్‌గూడలోనే ఉంది.) బావగారు ఆయన కంపెనీ బుట్టలో ఉన్నది చూపించారు, పక్కింటాయన తన బుట్టలోది చూపించాడు. ఇద్దరూ హెల్త్ పాలసీ అనే అన్నారు కానీ, వస్తువులు వేరు.

రోజుకు 3,000 ఇచ్చే పాలసీ మీ బిల్లు చూడదు, మీరు పడుకున్న రోజులు లెక్కపెడుతుంది. ఇంట్లో ఒకరికి డెంగీ వచ్చి ఐదు రోజులు ఉన్నారనుకుందాం, బిల్లు 90 వేలు అయింది. ఇలాంటి పాలసీల్లో చాలావాటికి మొదటి రోజు లెక్కలోకి రాదు. నాలుగు రోజులకు 12,000 వస్తుంది. అదే గుండెకు స్టెంట్ వేసి మూడో రోజు ఇంటికి పంపితే బిల్లు లక్షల్లో ఉంటుంది, మీకొచ్చేది 6,000. ఇరవై ఏళ్ల కిందట ఆపరేషన్ అంటే పది రోజులు మంచం మీదే. ఇప్పుడు గాల్‌బ్లాడర్ తీసినా చిన్న రంధ్రాలతో తీసి ఒకటి రెండు రోజుల్లో పంపేస్తున్నారు. వైద్యం ఖర్చు పెరిగేకొద్దీ ఆసుపత్రిలో ఉండే రోజులు తగ్గుతున్నాయి, రోజుల లెక్కన ఇచ్చే పాలసీ విలువ కూడా దాంతోపాటే తగ్గుతోంది. మా నాన్నగారికి ఇలాంటి పాలసీయే ఉండేది. కంటిలో శుక్లం తీయించడానికి ఉదయం వెళ్లి మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చాం. 24 గంటలు ఉండలేదు కాబట్టి పైసా రాలేదు. ఆ షరతు కాగితంలో స్పష్టంగానే ఉంది, చదవనిది మేమే.

అలాగని దాన్ని చిల్లర అని తీసిపారేయడం కూడా సరికాదు. ఆటో నడిపేవాళ్లకీ, చిన్న కొట్టు పెట్టుకున్నవాళ్లకీ మంచాన పడితే ఆ రోజు సంపాదన పోతుంది. వాళ్లకు రోజుకు 3,000 అంటే నిజంగానే ఆసరా. బిల్లు పాలసీ పక్కన ఇది ఉంటే రెండిట్లోనూ డబ్బు వస్తుంది. తోడున్నవాళ్ల తిండికీ, గ్లౌజులూ దూదీ అంటూ కంపెనీ కొట్టేసే ఖర్చులకూ సరిపోతుంది. అన్నం వండుకున్నాక పచ్చడి లాంటిది, మీకింకా అన్నమే లేదు.

ఇక పక్కింటాయన 'ఫుల్ కవరేజ్'. పాలసీ కాగితంలో నేనెప్పుడూ ఆ మాట చూడలేదు. 3 లక్షల పాలసీ అన్నాడు కదా, రూమ్ రెంట్ పరిమితి ఎంతో అడగండి. పాలసీ మొత్తంలో రోజుకు ఒక శాతం అంటే 3,000. మీరు 6,000 గదిలో చేరారనుకోండి. నాలుగు రోజులకు బిల్లు 2 లక్షలు: గది 24,000, డాక్టర్లు, ఆపరేషన్ థియేటర్, నర్సింగ్ కలిపి 96,000, మందులు, పరీక్షలు, లోపల అమర్చిన పరికరాలు 80,000. చాలామంది గది తేడా 12,000 మాత్రమే మన చేతి నుంచి పోతుందనుకుంటారు. గదిని బట్టి రేట్లు మారే ఆసుపత్రిలో డాక్టర్లు, థియేటర్ ఖర్చు కూడా అదే నిష్పత్తిలో కోసేస్తారు, అంటే సగం, 48,000. మొత్తం 60,000 మీరే కట్టాలి. మందులు, పరీక్షలు, పరికరాల మీద ఇలా కోయకూడదని 2020లో నియమం వచ్చింది, ఐసీయూకి కూడా ఈ కోత వర్తించదు. డిశ్చార్జ్ రోజు కౌంటర్ దగ్గర అది గుర్తుండాలి.

అంటే బావగారిది పైకి కనిపించే పరిమితి, పక్కింటాయనది లోపల దాగిన పరిమితి. నన్నడిగితే రెండోదే ఎక్కువ టెన్షన్ పెడుతుంది, ఎందుకంటే బిల్లంతా పాలసీయే కడుతుందన్న ధైర్యంతో మీరు ఆసుపత్రికి వెళ్తారు.

ఇద్దరినీ కస్టమర్ ఇన్ఫర్మేషన్ షీట్ అడగండి. ప్రతి పాలసీకీ ఇవ్వాల్సిన కాగితమే అది. గది పరిమితి, ఏ జబ్బుకు ఎంత వరకు, పాత జబ్బులకు డబ్బు రావాలంటే ఎన్నేళ్లు ఆగాలి, బిల్లులో మీ వాటా ఎంత, అన్నీ అందులో ఉంటాయి. కొన్న తర్వాత కూడా నచ్చకపోతే 30 రోజుల్లో వెనక్కి ఇచ్చేయొచ్చు.

మీరు తీసుకోవాల్సింది మీ నలుగురికీ కలిపి 5 లక్షల ఫ్లోటర్ (ఇంటిల్లిపాదీ ఒకే మొత్తాన్ని పంచుకునే పాలసీ), రూమ్ రెంట్ పరిమితి లేనిది. కంపెనీ ఇచ్చిన 2 లక్షలు ఉద్యోగంతో పాటే పోతాయి, వాటిని లెక్కలో వేసుకోకండి. రెండు మూడు కంపెనీల ధరలు చూడండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత హెల్త్ పాలసీల మీద జీఎస్టీ లేదు. ఎవరైనా 18 శాతం కలిపి లెక్క చూపిస్తే అది పాత కాగితం. మీ బడ్జెట్‌లో కుదరకపోతే జనరల్, హెల్త్ బీమా కంపెనీల దగ్గర ఒకే షరతులతో దొరికే ఆరోగ్య సంజీవని పాలసీ ఉంది. అందులో గది అద్దె రోజుకు పాలసీ మొత్తంలో 2 శాతం, గరిష్ఠంగా 5,000. ప్రతి క్లెయిమ్‌లో 5 శాతం మీరు పెట్టుకోవాలి. అదీ పరిమితులున్న పాలసీయే, కాకపోతే దాపరికం లేదు.

అమ్మగారిని ఫ్లోటర్‌లో కలపొద్దు. అందరిలో పెద్దవాళ్ల వయసును బట్టి ప్రీమియం పడుతుంది, మీ 2,000 ఎటూ చాలదు. మీ హెచ్ఆర్‌ని అడిగి, గ్రూప్ పాలసీ రెన్యువల్ అప్పుడు అదనపు ప్రీమియం కట్టి అమ్మను చేర్చే వీలుందేమో చూడండి. గ్రూప్ పాలసీల్లో పాత జబ్బులకు ఆగాల్సిన గడువు చాలావరకు ఉండదు, షుగర్ ఉన్నవాళ్లకు ఇంతకంటే మంచి దారి లేదు. 70 దాటిన వాళ్లందరికీ, ఆదాయంతో పని లేకుండా, ఆయుష్మాన్ వయ వందన కింద 5 లక్షల వరకు చికిత్స అని కేంద్రం 2024 అక్టోబరులో మొదలుపెట్టింది. ఆ కార్డు తీసుకోండి, మీరు వెళ్లే ఆసుపత్రిలో అది నడుస్తుందో లేదో కూడా ముందే కనుక్కోండి.

బీపీ సంగతికొస్తే, పక్కింటాయన సలహాల్లో నాకు కోపం తెప్పించింది ఇదొక్కటే. మాత్ర వేసుకుంటున్నానని రాయండి. రాస్తే ప్రీమియం కొంత పెరగొచ్చు, బీపీకి సంబంధించిన చికిత్సకు మహా అయితే మూడేళ్లు ఆగాలి. రాయకపోతే, ఏ గుండె నొప్పికో చేరినప్పుడు డాక్టరు కేస్ షీట్‌లో 'రెండేళ్లుగా బీపీ' అని రాస్తాడు, కంపెనీ చదివేది ఆ వాక్యమే. క్లెయిమ్ కొట్టేస్తే ఫీజు లేకుండా లక్డీకాపూల్‌లోని బీమా అంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులు వినే అధికారి) దగ్గరికి వెళ్లొచ్చు. కానీ అక్కడా ముందు తీసేది మీరు సంతకం పెట్టిన ఫారమే. రాయొద్దన్న ఏజెంటు సంతకం మీ సంతకాన్ని మాపలేదు.

ఇక బావగారితో మొహమాటం. మొహమాటానికి పోతే ఏమవుతుందో మన సామెత చెప్పనే చెప్పింది, నేను మళ్లీ రాయను. అయితే మీ ఉత్తరంలో టర్మ్ పాలసీ (గడువులోగా మనిషి పోతే కుటుంబానికి డబ్బిచ్చే జీవిత బీమా) ఊసే లేదు. నలుగురు మీ ఒక్క జీతం మీద ఉన్నారు. 60 ఏళ్ల దాకా, 50 లక్షలకు తక్కువ కాకుండా ఒక టర్మ్ పాలసీ మీకు కావాలి, అది బావగారి బుట్టలో ఉన్నదే. ఆయన కంపెనీ ధర మిగతావాళ్లతో పోల్చి చూసి, తేడా పెద్దగా లేకపోతే ఆయన దగ్గరే తీసుకోండి. ఆ ఫారంలో కూడా బీపీ రాయండి.