ఇన్‌పుట్‌లో ఏ కండెన్సర్ వెయ్యాలంటే

చిరంజీవి శ్రీనుకి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన యాంప్లిఫయర్ బోర్డు ఫొటో చూశాను. సోల్డరింగ్ నీటుగా ఉంది. హీట్‌సింక్ మాత్రం ఇంకాస్త పెద్దది పెట్టు. ఇన్‌పుట్ కెపాసిటర్‌కే ఎనిమిది వందలు పెట్టమని షాపులో ఎవరో చెప్పారన్నావు. ఆ డబ్బు జేబులోనే ఉంచుకో. (మేం కండెన్సర్ అనేవాళ్లం. నాకు అదే అలవాటు, అలాగే రాస్తాను.)

దాని పనల్లా డీసీని ఆపేసి పాటను లోపలికి పంపడం. కానీ బాస్ ఎంత లోతు వరకు దాటుతుందన్నది దానొక్కదాని చేతిలో లేదు. దాని తరవాత గ్రౌండుకి వెళ్లే రెసిస్టర్‌ని కూడా కలిపి చూడాలి. లెక్క సులువే. 159ని కిలో ఓంలతో ఒకసారి, మైక్రోఫారడ్లతో ఒకసారి భాగించు. వచ్చిన హెర్ట్జ్ దగ్గర శబ్దం 3 డీబీ (డెసిబెల్) తగ్గుతుంది, కిందికి పోయేకొద్దీ ఇంకా తగ్గుతుంది. నీ యాంప్లిఫయర్ ఐసీ టీడీఏ2030 దగ్గర ఉన్నది 22 కిలో ఓంలు. 1 మైక్రోఫారడ్ వేస్తే సుమారు 7 హెర్ట్జ్. 20 హెర్ట్జ్ దగ్గర పోయేది అర డీబీ. 2.2 వేస్తే అదీ ఉండదనుకో.

ఈ లెక్క చెయ్యక నేను ఒకసారి దెబ్బతిన్నాను. కుర్రతనంలో కట్టిన సెట్టులో పాట వస్తోంది కానీ మృదంగం తొప్పి (బాస్ పలికే వైపు) మోత లేదు, డబ్బా మీద కొట్టినట్టుంది. తప్పు స్పీకర్‌దే అని తేల్చేసి ఊఫర్ (బాస్ స్పీకర్) మార్చాను. అయినా అంతే. ఒకరోజు బోర్డు ఎండలోకి పట్టుకెళ్లి చూస్తే, కండెన్సర్ మీద 105 ఉండాల్సిన చోట 104! 105 అంటే 1 మైక్రోఫారడ్, 104 అంటే 0.1. కంటికి ఒక్క అంకె తేడా, విలువ పదోవంతు. పైగా దాని తరవాత 10 కిలో ఓంల వాల్యూమ్ కంట్రోల్ ఉంది. భాగించి చూడు, 159 హెర్ట్జ్ వస్తుంది. ఊఫర్‌కి తగలేసిన డబ్బు సంగతి మీ పెద్దమ్మకి ఇప్పటికీ చెప్పలేదు.

అందుకే, కండెన్సర్ వాల్యూమ్ కంట్రోల్‌కి ముందుంటే ఆ కంట్రోల్‌ని కూడా లెక్కలో వేసుకో. నేనైతే కంట్రోల్ దాటాక, ఐసీకి దగ్గరగా పెడతాను. ఐసీ కాలి నుంచి వచ్చే కాస్త డీసీ కంట్రోల్‌లోకి పోదు, నాబ్ తిప్పితే గరగర ఉండదు.

రకం అంటావా, మామూలు పాలియెస్టర్ చాలు, 63 వోల్టులదో 100 వోల్టులదో. కోఠీ గుజరాతీ గల్లీలో అడిగితే ఇస్తారు. 105 కోసం సెరామిక్ మాత్రం వెయ్యకు. చిన్నగా ముద్దుగా ఉంటుంది కానీ వోల్టేజీ మారితే విలువ మారే రకాలే ఎక్కువ, కొన్నిటిని స్క్రూడ్రైవర్‌తో తడితే ఆ చప్పుడు స్పీకర్లో వినిపిస్తుంది. ఎలక్ట్రోలిటిక్‌ని నేను పాపంలా చూడను. 10 మైక్రోఫారడ్ వేస్తే దాని మీద పాట వోల్టేజీ పెద్దగా పడదు, పాట చెడదు. కాకపోతే ప్లస్ మైనస్ కాళ్లు చూసి పెట్టాలి. సింగిల్ సప్లై (ప్లస్ ఒక్కటే ఉన్న) బోర్డయితే ఐసీ ఇన్‌పుట్ సప్లైలో సగం దగ్గర ఉంటుంది, కాబట్టి ప్లస్ ఐసీ వైపు. నీది 12-0-12 ట్రాన్స్‌ఫార్మర్, ప్లస్ మైనస్ సప్లైలు రెండూ ఉంటాయి కనక ఆ గొడవ లేదు, పాలియెస్టరే వెయ్యి. ఆ ఎనిమిది వందలది బొటనవేలంత ఉంటుంది, ఇన్‌పుట్లో నిలబెడితే ఏంటెనాలా హమ్ (కరెంటు గుయ్‌మనే మోత) లాగుతుంది కూడా.

ఇంకొకటి. ఫొటోలో ఫీడ్‌బ్యాక్ (అవుట్‌పుట్ నుంచి కొంత ఐసీకి తిరిగి వెళ్లే దారి) దగ్గర 680 ఓంలు, దాని కింద 22 మైక్రోఫారడ్ కనిపించాయి. అక్కడా అదే లెక్క: 159ని 0.68తో, 22తో భాగిస్తే దాదాపు 10.6 హెర్ట్జ్. ఇన్‌పుట్లో ఎంత పెద్దది పెట్టినా ఈ గుమ్మం దగ్గర బాస్ ఆగుతుంది. ఆ 22 తీసి 100 వెయ్యి, ప్లస్ మైనస్ ఇప్పుడున్నట్టే ఉంచి. అది మార్చి, 105 పెట్టి, ఆదివారం ఫోన్ చెయ్యి. ఏదైనా తవిల్ కచేరీ పెట్టి వినిపించు.

మీ పెదనాన్న