ఓయూ హాస్టల్‌కు పంపాలా, ప్రైవేటు యూనివర్సిటీలో చేర్చాలా?

ప్రశ్న: మాది మహబూబాబాద్ దగ్గర పల్లె. మా బిడ్డకు పీజీ ఎంట్రన్స్ సీపీగెట్‌లో ఉస్మానియా క్యాంపస్‌లో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ సీటు వచ్చింది. అక్కడ ఎప్పుడూ ధర్నాలే, హాస్టల్లో ఎవరూ పట్టించుకోరని చుట్టాలు అంటున్నారు. సిటీ శివార్లలో ఒక ప్రైవేటు యూనివర్సిటీ వాళ్ళు ఏసీ హాస్టల్ ఇస్తామన్నారు. పిల్ల గేటు దాటితే మన ఫోన్‌కు మెసేజ్ కూడా వస్తుందట. సీటు పోకుండా అడ్వాన్సు కట్టాను. రెండింటినీ పోల్చి చెప్పగలరు.
– ఒక తండ్రి

జవాబు: అయ్యా, మీ ప్రశ్నలో ధర్నా ఉంది, ఏసీ ఉంది, గేటు ఉంది. అమ్మాయి ఎక్కడ చదవాలనుకుంటోందో మాత్రం లేదు. ముందు ఆ మాట ఆమెను అడగండి. డిగ్రీ పూర్తిచేసి, ఎంట్రన్స్ రాసి, క్యాంపస్ సీటు తెచ్చుకున్న పిల్ల. అడ్వాన్సు కట్టే ముందే అడగాల్సింది.

అడ్మిషన్ల సీజన్ వచ్చిందంటే ఈ ప్రశ్న నాకు తప్పకుండా వస్తుంది, ఊరి పేరే మారుతుంది. పైకి అడిగేది హాస్టల్ గురించే. లోపలి భయం మాత్రం, యూనివర్సిటీకి వెళ్ళిన పిల్ల మన మాట వింటుందా, మన చెయ్యి దాటిపోతుందా అని. ఆ భయం ఉండటం తప్పు కాదు. దాన్ని చూసుకుని కాలేజీ ఎంచుకోవడం మాత్రం తప్పు.

ధర్నాల సంగతి దాచను. 1969లోనూ 2009లోనూ తెలంగాణ ఉద్యమానికి ఆ క్యాంపస్ పెద్ద కేంద్రం. ఇప్పుడు జరిగేవాటిలో ఎక్కువ భాగం ఉద్యోగ నోటిఫికేషన్ల కోసం, హాస్టల్లో నీళ్ళ కోసం, మెస్ కోసం. ఆర్ట్స్ కాలేజీ ముందు నినాదాలు వినిపిస్తున్న రోజున కూడా సైన్స్ కాలేజీ ల్యాబులో పిల్లలు ప్రాక్టికల్స్ చేసుకుంటూనే ఉంటారు. ధర్నాకు వెళ్ళాలా వద్దా అన్నది మీ అమ్మాయి ఇష్టం. ఎవరూ గదిలోంచి లాక్కుపోరు.

కష్టాలు వేరే ఉన్నాయి. హాస్టల్ గది మొదటి రోజే దొరక్కపోవచ్చు, కొన్ని వారాలు బయట ఉండాల్సి రావచ్చు. గదిలో ఎక్కువమంది ఉంటారు. వేసవిలో నీళ్ళకు ఇబ్బంది. మెస్ ఖర్చును పిల్లలందరికీ పంచుతారు, స్కాలర్‌షిప్ ఉన్నవాళ్ళకు ఎంటీఎఫ్ (ప్రభుత్వం ఇచ్చే మెయింటెనెన్స్ ఫీజు) డబ్బులోంచి సర్దుతారు. ఆ డబ్బు ప్రభుత్వం నుంచి ఆలస్యమైతే బకాయి పిల్లల పేరు మీదే పేరుకుంటుంది. చివర్లో సర్టిఫికెట్ల కోసం వెళ్ళినప్పుడు నో డ్యూస్ (బకాయిలు లేవన్న కాగితం) దగ్గర పని ఆగిపోతుంది. అందుకే ప్రతి సెమిస్టర్‌కూ మెస్ లెక్క ఎంత అయ్యిందో అడిగి రాసుకోమనండి.

ఇక ఏసీ హాస్టల్. ఈ మధ్య నాకు అన్నిటికంటే ఎక్కువ అనుమానం దీనిమీదే. గేటు మెసేజ్ మీ టెన్షన్ తగ్గిస్తుంది, అమ్మాయి జ్వరం తగ్గించదు. అర్ధరాత్రి ఒంట్లో బాగాలేకపోతే డాక్టర్ ఉంటారా, అంబులెన్స్ ఎవరు పిలుస్తారు అని అడిగారా? కెమిస్ట్రీ పీజీలో నిరుడు ఎంతమంది చేరారు, వాళ్ళలో ఎవరికి ఏ కంపెనీలో ఉద్యోగం వచ్చింది అని అడిగారా? బ్రోషర్‌లో మెరిసే ప్యాకేజీలు సాధారణంగా బీటెక్ కంప్యూటర్స్ పిల్లలవి. ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తిస్తుందా అని అడిగి, జవాబు కాగితం మీద తీసుకున్నారా? ఏదీ అడక్కుండా, గది చల్లగా ఉందని డబ్బు కట్టి వచ్చారు. కోపం తెచ్చుకోకండి, చెప్పేవాళ్ళు లేకే ఇలా జరుగుతోంది.

ఇంకొకటి ఆలోచించండి. ఎమ్మెస్సీ అయ్యాక ఫార్మా కంపెనీలో క్వాలిటీ కంట్రోల్ ఉద్యోగం వస్తే షిఫ్టులు ఉంటాయి. పటాన్‌చెరులోనో జీడిమెట్లలోనో గది తీసుకుని ఒంటరిగా ఉండాలి. అప్పుడు గేటు మెసేజ్ ఎవరు పంపుతారు? నా దగ్గరకు వచ్చిన ఒకమ్మాయి, ప్రభుత్వ యూనివర్సిటీలో చేరిన కొత్తలో బోనఫైడ్ సర్టిఫికెట్ అడగడానికి కూడా కౌంటర్ దగ్గర నోరు తెరవలేకపోయేది. రెండో ఏడాది మెస్ కమిటీలో చేరింది. పొద్దున్నే కూరగాయల తూకం దగ్గర నిలబడి, బుట్ట అడుగున చెయ్యి పెట్టి చూసి, మెత్తబడిన టమాటాలు ఉంటే వెనక్కి పంపేది. తర్వాత ఉద్యోగం ఇంటర్వ్యూకు నేను నేర్పాల్సింది పెద్దగా ఏమీ మిగల్లేదు.

కెమిస్ట్రీ పిల్లకు ఓయూలో ఇంకో లాభం ఉంది, అది ఏ బ్రోషర్‌లోనూ కనిపించదు. పక్కనే తార్నాకలో రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ, పోషకాహార సంస్థ ఎన్ఐఎన్, కాస్త ముందుకు వెళ్తే జీవకణాల మీద పరిశోధన చేసే సీసీఎంబీ, భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్జీఆర్ఐ. ప్రాజెక్టు చేసుకోనిస్తారా అని అడగడానికి ఊరు దాటక్కర్లేదు. అక్కడ సెమినార్ జరిగితే వెళ్ళి వినొచ్చు. నెట్ (లెక్చరర్ ఉద్యోగానికి, పరిశోధనకు అర్హత పరీక్ష) రాసే ఆలోచన ఉంటే చుట్టూ అదే పనిలో ఉన్న సీనియర్లు దొరుకుతారు.

రక్షణ గురించి మీకు కావాల్సిన మాట ఇది. ర్యాగింగ్‌కు 1800-180-5522 నంబరు రాత్రీ పగలూ పనిచేస్తుంది. లైంగిక వేధింపులకు ప్రతి యూనివర్సిటీలో అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతోంది. ఫీజు, సర్టిఫికెట్ల వంటి తగాదాల కోసం యూనివర్సిటీల పైన ఉండే కేంద్ర సంస్థ యూజీసీ 2023లో నిబంధనలు తెచ్చింది, విద్యార్థి ఫిర్యాదుపై కమిటీ 15 పనిదినాల్లో నివేదిక ఇవ్వాలి. మనసు బాగాలేకపోతే టెలిమానస్ 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు. క్యాంపస్‌లో హెల్త్ సెంటర్ ఉంది. ఇవన్నీ అడిగినవాళ్ళకే పనికొస్తాయి. అడగడానికి మీ అమ్మాయి జంకకుండా ఉండాలంటే, ఫోన్‌లో "ఏదైనా గొడవైతే వెంటనే ఇంటికి వచ్చెయ్" అనే మాట మానండి. ఆ మాట విన్న పిల్లలు గొడవ జరిగినా ఇంట్లో చెప్పరు. చదువు మాన్పిస్తారని భయం.

పోల్చి చెప్పమన్నారు. సౌకర్యం ప్రైవేటులో ఎక్కువ, కాదనను. మీ అమ్మాయికి, ఈ సబ్జెక్టుకు, మీ ఖర్చుకు నేను ఓయూ అనే చెబుతాను.

అడ్వాన్సు గురించి దిగులు వద్దు, ఆలస్యం మాత్రం చేయకండి. అడ్మిషన్ రద్దు చేసుకుంటున్నామని ఉత్తరం రాసి, మెయిల్‌లోనూ పంపి, రసీదు జత చేయండి. ఏ తేదీలోపు రద్దు చేసుకుంటే ఎంత తిరిగివ్వాలో యూజీసీ నిబంధనల్లో ఉంటుంది, రోజులు గడిచేకొద్దీ కోత పెరుగుతుంది. ఒరిజినల్ సర్టిఫికెట్లు అక్కడ ఇచ్చి ఉంటే ముందు అవి తెచ్చుకోండి. వాటిని అట్టిపెట్టుకునే హక్కు వాళ్ళకు లేదు. ఓయూలో రిపోర్ట్ చేయడానికి అవే కావాలి. అక్కడికి వెళ్ళిన రోజు హాస్టల్ దరఖాస్తును అమ్మాయి చేతే ఇప్పించండి, మీరు బయట కూర్చోండి.