భీమవరం కాంప్లెక్స్‌కి 52 కిలోవాట్ల లోడ్ నిజంగా కావాలా?

అండీ, మీ షాపుల కాంప్లెక్స్‌కి 52 కిలోవాట్ల లోడ్ కావాలని ఎలక్ట్రీషియన్ చెప్పాడని కంగారు పడకండి. అతను ఒకటిన్నర టన్ను ఏసీ ఒక్కోదానికి 5.2 కిలోవాట్లు వేసి, ఎనిమిదింటికీ 41.6 లెక్కేసి, మిగతావి దానికి కలిపాడు. అది చల్లదనం కొలత, కరెంటు వాడకం కాదు. ఏసీ పక్కన అంటించిన స్టిక్కర్ మీద ఇన్‌పుట్ పవర్ అని ఉంటుంది, అది చూడండి. సుమారు 1.7 కిలోవాట్లు ఉంటే ఎనిమిదింటికీ 13.6. లైట్లు, ఫ్యాన్లు, కంప్యూటర్లకు మీరు రాసిన 5, అయిదు హెచ్‌పీ లిఫ్ట్‌కి 3.7, రెండు హెచ్‌పీ నీళ్ల మోటారుకి 1.5 కలిపితే మొత్తం 23.8 కిలోవాట్లు.

ఏసీలకు మాత్రం నేను డైవర్సిటీ తగ్గింపు (అన్నీ ఒకేసారి నడవవని లెక్కలో కొంత తగ్గించడం) వేయను. మే నెలలో మన డెల్టా ఉక్కపోతకి సాయంత్రం అన్ని షాపుల్లోనూ ఒకేసారి తిరుగుతాయి. లైట్లు, ఫ్యాన్లు, కంప్యూటర్ల 5కి 0.8 వేసి, మోటారు తెల్లవారుజామునే నడిపితే గరిష్ఠ డిమాండ్, అంటే ఒకేసారి పడే అత్యధిక లోడ్, 21.3 కిలోవాట్లు. పవర్ ఫ్యాక్టర్ (లైన్ నుంచి లాగే మొత్తం పవర్‌లో నిజంగా పనికొచ్చే వంతు) 0.9 అనుకుంటే లాగే మొత్తం 23.7 కేవీఏ, అంటే 415 వోల్టుల త్రీ ఫేజ్‌లో ఫేజుకి 33 ఆంపియర్లు. పాతిక శాతం ముందుచూపుకి కలిపినా 41 ఆంపియర్లు.

కరెంటు కనెక్షన్ అప్లికేషన్‌లో కనెక్టెడ్ లోడ్ (బిగించిన వాటన్నిటి మొత్తం, అంటే ఆ 23.8) తగ్గించి రాయకండి. ఏసీలను ఫేజులకి 3, 3, 2గా పంచి, రెండు ఏసీలే ఉన్న ఫేజు మీద లైట్లు ఎక్కువ వేయించండి.