మూడు కారు వ్యాక్స్‌లు పోల్చి వీడియో పెడితే లీగల్ నోటీసు వచ్చింది, తీసేయాలా?

ప్రశ్న: సార్, మాది రాజమండ్రి. మా కారు బానెట్‌ని టేపుతో మూడు భాగాలు చేసి, మూడు రకాల వ్యాక్స్ వేసి, మెరుపు, మన్నిక, వాడకంలో సుళువు ఎలా ఉన్నాయో చూసి యూట్యూబ్‌లో వీడియో పెట్టాను. ఒకటి డబ్బాలో వచ్చే కార్నూబా పేస్టు, ఒకటి లిక్విడ్, ఒకటి స్ప్రే. పేస్టు డబ్బా మీద ఆరు నెలల రక్షణ అని రాసి ఉంది, నాకు మాత్రం ఐదు వారాలకే నీళ్లు ముత్యాల్లా నిలబడటం మానేశాయి. అదే చెప్పాను. కార్నూబా అని చెప్పి కిరోసిన్ వాసనొచ్చే నూనె కలిపారు, ఇది కల్తీ, జనాన్ని మోసం చేస్తున్నారు అని కూడా అన్నాను. లిక్విడే బెస్ట్ అని తేల్చాను (అది తెలిసిన షాపాయన ఊరికే ఇచ్చాడు, వీడియోలో ఆ మాట చెప్పలేదు). ఇప్పుడు పేస్టు కంపెనీ లాయరు నోటీసు పంపాడు. 15 రోజుల్లో వీడియో తీసేసి, క్షమాపణ చెప్పి, 50 లక్షలు కట్టాలట. లేకపోతే సివిల్, క్రిమినల్ కేసులు, ఐటీ చట్టం 66ఎ కింద జైలు అట. కారు నాన్నగారి పేరు మీద ఉంది, ఆయన మీదికి ఏమైనా వస్తుందా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు ఆ 66ఎ సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే మిమ్మల్ని ఎక్కువ భయపెట్టింది అదే అనుకుంటాను. ఆన్‌లైన్‌లో అభ్యంతరకరమైన మాటలు పెడితే శిక్ష వేసే ఆ సెక్షన్‌ని సుప్రీంకోర్టు 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో కొట్టేసింది. అది ఇప్పుడు లేదు. ఇన్నేళ్ల తర్వాత కూడా దాన్ని నోటీసులో పెట్టారంటే ఎక్కడో పాత నోటీసు తీసి పేర్లు మార్చి పంపారన్నమాట, మా లాయర్లలో ఇలాంటివాళ్లకు కొదవ లేదు.

ఇక 50 లక్షలు. నోటీసులో అంకె వేయడానికి ఖర్చేమీ ఉండదు, కోటి అని కూడా రాయొచ్చు. అదే కోర్టులో దావా వేస్తే అడిగిన మొత్తాన్ని బట్టి కోర్టు ఫీజు కట్టాలి, పైగా మీ మాటల వల్ల తమ పరువో వ్యాపారమో దెబ్బతిందని వాళ్లు చూపించాలి. లాయరు నోటీసు అంటే కోర్టు పంపే సమన్లు కాదు. అలాగని చింపి పారేయకండి, జవాబు ఇవ్వాల్సిందే, ఎలా ఇవ్వాలో కింద చెప్తాను.

అసలు విషయం ఏంటంటే, మీరు మీ వీడియోని ఒకే ముద్దగా చూస్తున్నారు, కంపెనీ లాయరూ అలాగే చూపిస్తున్నాడు. చట్టం అలా చూడదు, ఒక్కో మాటనీ విడివిడిగా తూకం వేస్తుంది. మీరు పోల్చిన మూడు విషయాలు మూడు రకాల మాటలు, ఆ పైన అన్న ‘కల్తీ’ నాలుగో రకం.

మెరుపు గురించి మీరు ఏమన్నా పెద్ద ఇబ్బంది లేదు. లిక్విడ్ వేసిన చోట అద్దంలా ఉంది, పేస్టు వేసిన చోట కాస్త మసకగా ఉంది అన్నారు, అది మీ కంటికి కనిపించిన సంగతి, మీ అభిప్రాయం. అదే బానెట్ చూసి ఇంకొకరు పేస్టు మెరుపులోనే లోతు ఉంది అనొచ్చు (నిజం చెప్పాలంటే, నల్ల కార్ల వాళ్లు చాలామంది అదే అంటారు). సుళువు కూడా అంతే. పేస్టు రుద్ది, తెల్లగా ఆరేదాకా ఆగి, మైక్రోఫైబర్ గుడ్డతో తుడిచేసరికి చెయ్యి పడిపోయింది, స్ప్రే ఐదు నిమిషాల్లో అయిపోయింది అన్నారు. అది మీ అనుభవం, దాని మీద పరువు నష్టం కేసు నిలవదు.

మన్నిక దగ్గర మాత్రం అభిప్రాయం కాస్తా వాస్తవం అవుతుంది. ఐదు వారాలకే పోయింది అనేది నిజమో కాదో తేల్చగలిగే మాట కాబట్టి రేపు కోర్టులో క్రాస్ ఎగ్జామినేషన్‌లో మిమ్మల్ని ఏం అడుగుతారో ఇప్పుడే ఊహించుకోండి. వ్యాక్స్ వేసే ముందు పెయింట్ మీది పాత పొర పూర్తిగా తీశారా? డబ్బా మీద చెప్పినట్టే నీడలో వేశారా, ఎండలో కాలుతున్న రేకు మీద వేశారా? ప్రతి వారం ఏ సబ్బుతో కడిగారు? గిన్నెలు తోమే లిక్విడ్‌తో కడిగి ఉంటే మీ పరీక్ష సగం పోయినట్టే, అది జిడ్డుతో పాటు వ్యాక్స్‌నీ వదిలిస్తుంది. నీళ్లు ముత్యాల్లా నిలవకపోతే వ్యాక్స్ పోయినట్టేనా అని కూడా అడుగుతారు, ఎందుకంటే పైన దుమ్ము పేరుకున్నా, బోరు నీళ్ల తెల్లమరకలు పట్టినా ముత్యాలు పోతాయి, కింద పొర ఉండొచ్చు. కింద ఇంజిను వేడి ఉంటుంది కాబట్టి బానెట్ మీద మన్నిక తలుపుల మీద కన్నా తక్కువ, అది ఇంకో ప్రశ్న. మీకు కలిసొచ్చేది ఒకటుంది. మూడూ ఒకే బానెట్ మీద, ఒకే ఎండలో, ఒకే సబ్బుతో చూశారు కాబట్టి పోలిక వరకు న్యాయంగానే ఉంది.

నోటీసు రాసినాయన మరిచిపోయిన చట్టం కూడా ఇక్కడే ఉంది. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లో సెక్షన్ 2(47) చూడండి. ఒక వస్తువు ఎంతకాలం మన్నుతుందో, ఎలా పనిచేస్తుందో సరైన పరీక్ష చేయకుండా జనానికి గ్యారంటీ ఇస్తే అది అనుచిత వాణిజ్య పద్ధతి. మేము పరీక్ష చేశాకే చెప్పాం అని ఎవరైనా వాదిస్తే, ఆ పరీక్ష చేసినట్టు రుజువు చేసే భారం వాళ్లదే. అంటే మీరు ఐదు వారాలు ఎలా లెక్కపెట్టారో వాళ్లు అడిగే ముందు, ఆరు నెలలు ఎలా లెక్కపెట్టారో మీరు వాళ్లను అడగొచ్చు. సహజ కార్నూబా పేస్టులు మామూలుగా వారాల్లో మన్నేవి, సింథటిక్ సీలెంట్లు నెలల్లో, సిరామిక్ కోటింగులు ఇంకా ఎక్కువ. పేస్టు డబ్బా మీద ఆరు నెలలు అని రాసిన కంపెనీ ఆ పరీక్ష కాగితాలు కోర్టులో పెట్టాలని ముచ్చటపడుతుందని నేను అనుకోను.

ఇక నాలుగోది. ఇక్కడ తప్పు మీదే. కార్నూబా అనేది బ్రెజిల్ ఈశాన్యంలో పెరిగే ఒక తాటిజాతి చెట్టు ఆకుల నుంచి తీసే మైనం. శుద్ధమైనది రాయిలా గట్టిగా ఉంటుంది, 80 డిగ్రీలు దాటితే గానీ కరగదు. దాన్ని అలాగే బానెట్ మీద రుద్దడం ఎవరి వల్లా కాదు, అందుకే సాల్వెంటు (మైనాన్ని కరిగించే ద్రవం), నూనెలు, వేరే మైనాలు కలిపి మెత్తబరుస్తారు. ఆ కిరోసిన్ లాంటి వాసన సాల్వెంటుదే అయ్యుంటుంది. అది కల్తీ కాదు, దాని తయారీయే అంత. ల్యాబు రిపోర్టు లేకుండా కల్తీ, మోసం అన్నారు చూడండి, మొత్తం వీడియోలో కేసు వేయడానికి వాళ్లకు దొరికిన పట్టు అదొక్కటే.

కోర్టులు ఈ తేడా పట్టించుకుంటాయి. కొబ్బరినూనె మీద వీడియో చేసిన ఒక యూట్యూబర్‌ని 2020 జనవరిలో బాంబే హైకోర్టు సింగిల్ జడ్జి వీడియో తీసేయమన్నారు, సరిగా పరిశీలించకుండా మాట్లాడారని. తర్వాత అదే హైకోర్టులో ఇద్దరు జడ్జీల డివిజన్ బెంచి ఆ ఆదేశాన్ని నిలిపేసింది అనుకోండి. ప్రొటీన్ పొడిని ల్యాబులో పరీక్షించిన ఫలితాలు చూపించి విమర్శించిన యూట్యూబర్ల మీద ఇంటరిమ్ ఇంజంక్షన్ (కేసు తేలేదాకా ఆపమనే తాత్కాలిక ఉత్తర్వు) ఇవ్వడానికి 2025 ఏప్రిల్‌లో ఢిల్లీ హైకోర్టు ఒప్పుకోలేదు. విచారణ జరగకముందే ఇలాంటి ఇంజంక్షన్లు ఆషామాషీగా ఇవ్వొద్దని సుప్రీంకోర్టు 2024 మార్చిలో బ్లూమ్‌బర్గ్ కేసులో చెప్పింది కూడా.

ఊరికే వచ్చిన లిక్విడ్ డబ్బా విషయం మీరు బ్రాకెట్లో పెట్టి వదిలేశారు గానీ అది చిన్నదేం కాదు. ఉచితంగా వస్తువు తీసుకుని మెచ్చుకుంటే ఆ సంగతి చూసేవాళ్లకు స్పష్టంగా చెప్పాలని వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో మార్గదర్శకాలు ఇచ్చింది. తప్పుదోవ పట్టించే ప్రచారం చేసినవాళ్లకు కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 10 లక్షల దాకా జరిమానా వేయగలదు. మీ మీద అంత దూరం వస్తుందని కాదు, కానీ ఈ డబ్బా సంగతి ఎదుటి లాయరుకి తెలిస్తే పోటీ షాపు సరుకు ఊరికే తీసుకుని మా సరుకుని తిట్టాడు అంటాడు, అప్పటిదాకా నిజాయితీ పరీక్షలా కనిపించింది కాస్తా దురుద్దేశంలా కనిపిస్తుంది.

అందుకని ఇలా చేయండి. వీడియో మొత్తం తీసేయనక్కర్లేదు. కల్తీ, మోసం అన్న ముక్కని యూట్యూబ్ ఎడిటర్లోనే కోసేయండి, లింకు మారదు. కింద వివరణలో లిక్విడ్ డబ్బా ఉచితంగా వచ్చిందని, ఏ సబ్బు వాడారో, ఎన్నిసార్లు కడిగారో రాయండి. కోసే ముందు అసలు వీడియో, ప్రతి వారం తీసిన ఫొటోలు, డబ్బా కొన్న బిల్లు, డబ్బా మీది రాతల ఫొటో జాగ్రత్త చేయండి, వాట్సాప్‌లో పంపుకున్న కాపీలు కాదు, ఫోన్‌లో ఉన్న ఒరిజినల్ ఫైళ్లు. డబ్బాలో మిగిలిన వ్యాక్స్‌ కూడా పారేయకండి.

తర్వాత మీ ఊళ్లో ఒక లాయరు చేత గడువులోపల స్పీడ్ పోస్టులో జవాబు పంపించండి. అందులో మూడు సంగతులు చాలు: ఆ మాటల్ని తప్పు ఒప్పుకోకుండా, మంచి ఉద్దేశంతో తీసేశామని, మిగతాది నిజమైన అనుభవమని, ఆరు నెలల మన్నికకు చేసిన పరీక్ష రిపోర్టు పంపమని. నోటీసుని వీడియోలో చూపించి ఎగతాళి చేయాలనిపిస్తుంది, ఈ వయసులో అందరికీ అనిపిస్తుంది, దయచేసి చేయకండి.

క్రిమినల్ కేసు అంటారా, పరువు నష్టానికి ఇప్పుడు ఉన్నది భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 356. గరిష్ఠంగా రెండేళ్ల సాధారణ జైలు, లేదా జరిమానా, లేదా రెండూ, లేదా సమాజ సేవ. ఇది బెయిల్ ఇచ్చే నేరం, వారెంటు లేకుండా పోలీసులు పట్టుకుపోవడానికి లేదు. కంపెనీ మేజిస్ట్రేట్ దగ్గర ప్రైవేటు ఫిర్యాదు వేయాలి, క్రిమినల్ కేసులు ఎలా నడవాలో చెప్పే కొత్త నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం కేసు స్వీకరించే ముందే మీ మాట వినాలి. సివిల్ దావా అయితే ప్రచురించిన రోజు నుంచి ఏడాదిలోపు వేసుకోవాలి.

ఇంకో మాట. పేస్టు డబ్బా మీ డబ్బుతోనే కొన్నారు కదా, కావాలంటే మీరే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు. వస్తువుకి కట్టిన ధర 5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు, రెండేళ్ల గడువు ఉంటుంది, మీరుండే జిల్లాలోనే వేయొచ్చు. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి చెప్పినా సరే. అయితే ఆ వీడియో మీద మీకు యూట్యూబ్ డబ్బులు వస్తుంటే, వ్యాపారం కోసం కొన్నాడు, వినియోగదారుడే కాదు అని వాదిస్తారు, అది గుర్తుంచుకోండి.

నాన్నగారి సంగతి. ఆర్‌సీ ఎవరి పేరు మీద ఉంటే ఈ కేసుకేంటండీ. మాటలు అన్నది మీరు, ఛానెల్ మీది, నోటీసూ మీ పేరుకే వచ్చింది. ఆయనకు జరిగింది చెప్పండి, నోటీసు మాత్రం మీరే దాచుకోండి, ఆ 66ఎ చూసి ఆయన రాత్రంతా నిద్రపోరు.