సమాధానం: 1869 రట్గర్స్–ప్రిన్స్‌టన్ ఆటను రంగస్థలంపై చూపించడం

అమెరికాలో రట్గర్స్, ప్రిన్స్‌టన్ కళాశాలల మధ్య 1869లో జరిగిన ఫుట్‌బాల్ ఆటపై నాటకం రాస్తున్నామని, ఇప్పటి అమెరికన్ ఫుట్‌బాల్‌లోలాగా హెల్మెట్లు, కోడిగుడ్డు ఆకారపు బంతి, టచ్‌డౌన్లు (బంతిని ప్రత్యర్థి గీత దాటించి తెచ్చుకునే పాయింట్లు) పెట్టి రాస్తే 6–4 స్కోరు కుదరడం లేదని అడిగారు. కుదరదండీ, అవన్నీ తర్వాత వచ్చినవి. 1869 నవంబరు 6న న్యూజెర్సీ రాష్ట్రంలోని న్యూబ్రన్స్‌విక్‌లో ఆడింది ఇప్పటి సాకర్‌కే (మనం ఫుట్‌బాల్ అనే ఆటకే) దగ్గర. ఒక్కో గోల్‌కు ఒక్కటే లెక్క. మొత్తం పది గోల్స్‌లో రట్గర్స్‌కు ఆరు, ప్రిన్స్‌టన్‌కు నాలుగు.

బంతి గుండ్రంగా ఉండాలి. కాలితో తన్నొచ్చు, చేత్తోనో తలతోనో కొట్టొచ్చు. పట్టుకుని పరుగెత్తినా, విసిరినా ఫౌల్. ఫౌల్ చేసిన జట్టే బంతిని నిట్టనిలువుగా పైకి ఎగరేయాలి, కింద అందరూ దానికోసం తోసుకుంటారు. స్టేజి మీద బాగా పండేది ఇదే, వదులుకోకండి.

జట్టుకు 25 మంది. అంతమంది నటులు ఎక్కడ దొరుకుతారు? ఆరుగురితో సరిపెట్టండి: ప్రత్యర్థి గోల్ దగ్గర కాపు కాసేవాడు ఒకడు, వెనక కాపలాకు ఇద్దరు, బంతి వెంట ముగ్గురు. అసలు ఆటలోనూ పని ఇలాగే పంచుకున్నారు.

దుస్తుల ఖర్చు లేదు. యూనిఫారాలు లేవు; కోట్లు, టోపీలు తీసేసి దిగారు. రట్గర్స్ వాళ్లకు తలకు ఎర్ర గుడ్డ చుడితే ఎవరు ఎవరో ప్రేక్షకులకు తెలిసిపోతుంది, చరిత్రకూ సరిపోతుంది.

రెండో అంకం కావాలంటే వారం తర్వాతి ఆట ఉంది: ప్రిన్స్‌టన్ సొంతగడ్డపై 8–0తో గెలిచింది. బంతితో పరుగు తప్పదంటే మాత్రం కథను 1874 మే నెలకు, అమెరికాలోని హార్వర్డ్, కెనడాలోని మెగిల్ విశ్వవిద్యాలయాల మధ్య జరిగిన ఆటలకు మార్చండి. వాటిలో రెండోది బంతిని పట్టుకుని పరుగెత్తే రగ్బీ పద్ధతిలో జరిగింది, కానీ స్కోరు 0–0.